చుట్టాల మాటలు

మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పే పద్ధతి ఒకటి మా ప్రాంతంలో నా పేరు మీద చెలామణి అవుతోంది. చుట్టుపక్కల ప్రైవేటు బళ్లలో పనిచేసే టీచర్లు చాలామంది దాన్ని నా నోటి నుంచే విన్నారు. సామర్లకోటలో ఒక కల్యాణమండపంలో సభ పెట్టి, దానికి నాకు శాలువా కప్పారు. ఆ పద్ధతి నాది కాదు. మా బళ్లో నాలుగేళ్లు పనిచేసిన ఒక టీచరుది. ఆవిడ చేత రాజీనామా రాయించింది నేనే. ఈ సంగతి పూర్తిగా తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆవిడా నేనూ. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అందుకని నేనే చెప్పాలి.

రామచంద్రపురంలో ఒక ఇంగ్లీషు మీడియం బడికి నేను చాలాకాలం ప్రిన్సిపాలుగా ఉన్నాను. ఒకప్పటి ధాన్యం గోడౌను మీద రెండు అంతస్తులు లేపి కట్టిన బడి అది. మెయిన్ రోడ్డులో కొట్లున్నవాళ్ల పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వ్యాన్లలో వచ్చే రైతుల పిల్లలు ఎక్కువ. మిల్లుల్లో పనిచేసేవాళ్లు, ట్రాక్టర్లు తోలేవాళ్లు కూడా కొందరు ఎలాగో కష్టపడి తమ పిల్లల్ని అక్కడే వేసేవారు. ఆ మూడు రకాల తల్లిదండ్రులకూ బడి నుంచి కావలసింది ఒకటే. పిల్లలు ఇంగ్లీషు మాట్లాడాలి, అది తాము వినాలి.

ఆ టీచరు ద్రాక్షారామం దారిలో ఒక పల్లె నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేది. వయసు ముప్పై దాటి ఉంటుంది. ఇంటర్వ్యూలో నేను ఇంగ్లీషులో అడిగిన వాటికి తడుముకోకుండా ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. మూడో తరగతి ఇచ్చాను. మొదటి రెండేళ్లు ఆవిడ క్లాసు గురించి నేను ప్రత్యేకంగా గమనించింది లేదు. క్లాసులో గోల ఉండేది కాదు, మార్కులు బాగా వచ్చేవి. నాకు అంతకంటే అవసరం లేదు.

ఒకరోజు రౌండ్సుకి వెళ్లినప్పుడు పిల్లలు పొడుగు నోటుబుక్కుల పేజీలను నిలువుగా సగానికి మడతపెట్టుకుని కూర్చోవడం చూశాను. ఒక పిల్లవాడి దగ్గర పుస్తకం తీసుకుని మడత విప్పాను. కుడి సగంలో ఇంగ్లీషు మాట, దాని స్పెల్లింగు, పక్కన చిన్న బొమ్మ. ఎడమ సగంలో తెలుగు. ఆ మాటను వాళ్లింట్లో ఎలా అంటారో రాసి, దాని కింద ఎవరు అన్నారో కూడా రాసి ఉంది. నాన్న, ట్రాక్టరు షెడ్డులో. పిన్ని, కుట్టు మిషను దగ్గర. మడతపెడితే ఒక సగమే కనిపిస్తుంది, రెండోది గుర్తు తెచ్చుకోవాలి.

ఆవిడ రోజూ ఇచ్చే హోంవర్కు ఒకటే. ఇంట్లో ఇంగ్లీషు రానివాళ్ల దగ్గర ఒక ఇంగ్లీషు మాట పట్టుకురావాలి. ఇంగ్లీషు వచ్చినవాళ్ల దగ్గర తెస్తే చెల్లదు. మొదట్లో పిల్లలకు ఇది అర్థం కాలేదట. మా అమ్మకు ఇంగ్లీషు రాదు టీచర్ అంటే, రాకుండా కుక్కరు, స్టవ్వు, గ్యాసు, స్విచ్చి ఎలా అంటోంది, వెళ్లి బాగా విను అని పంపించేదట. మర్నాటి నుంచి మాటలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. బట్టల కొట్టువాళ్ల అమ్మాయి కట్ పీసు, ఫాలు తెచ్చింది. చేలున్నవాళ్ల అబ్బాయి స్ప్రేయరు, డీజిలు తెచ్చాడు. రైస్ మిల్లులో పనిచేసే ఆయన కూతురు బెల్టు, బేరింగు, గ్రీజు తెచ్చింది. స్పెల్లింగు ఆవిడ చెప్పేది. అర్థం చెప్పాల్సిన పని లేదు, అది ఇంటి నుంచే వచ్చింది.

ఈ మాటలను ఆవిడ చుట్టాలనేది. బెల్టు, గ్లాసు లాంటివి సొంత చుట్టాలు. తువ్వాలు, టవలు దూరపు చుట్టాలు. అలాగే బొత్తాము, బటను. నామం, నేమ్ ఎప్పుడో విడిపోయిన అన్నదమ్ములు, ముఖాల్లో పోలికలు మిగిలాయి. పేరుకే చుట్టాలైనవి కొన్ని ఉంటాయి, వాటి పక్కన ఎర్ర చుక్క పెట్టించేది. మన హోటలుకు వెళ్తే ఇడ్లీ తిని వచ్చేస్తాం, వాళ్ల హోటలుకు వెళ్తే పడుకుంటాం, కాబట్టి జాగ్రత్త. ఇక ఏ చుట్టరికమూ లేని మాటలకు సంబంధం కలపాలి. పేషెన్స్ లాంటి మాట ఇచ్చి, దీనికి తగిన తెలుగు మాటను మీ ఇంట్లో వెతికి కుదర్చండి అని పంపేది. అంటే అనువాదమే. ఆ పిల్లలకు మాత్రం అది పెళ్లి సంబంధం చూసినంత సరదాగా ఉండేది. బ్రేవ్ అనే మాటకు ఒకడి నాన్నమ్మ గుండె ఉన్నవాడు అని చెప్పి పంపింది. డిక్షనరీలో ఉన్న ధైర్యశాలి కన్నా ఇదే బాగుందని ఆవిడ ఆ మాటనే బోర్డు మీద రాసిందట.

మన దగ్గర నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలు కూడా చెప్పేది. పందికొక్కును ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయి బాండికూట్ చేసుకున్నారని ఒకరోజు చెప్పింది. ఒక పిల్లవాడు సాయంత్రం ఇంటికెళ్లి తాతకు చెప్పాడు. ఆ ఏడు ఆయన కొబ్బరితోటలో పందికొక్కులు మొదళ్లన్నీ తవ్విపోశాయి. మర్నాడు మనవణ్ణి దింపడానికి వచ్చి గేటు దగ్గర ఆవిడను ఆపి, “ఒక్కటే పట్టుకుపోయారాండి? మా తోటకి మళ్లీ ఓసారి రమ్మనండి,” అన్నాడు. స్టాఫ్ రూములో ఒక వారం పాటు ఈ మాట చెప్పుకుని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

ఇదంతా నాకు నచ్చింది. ఇది కూడా రాయాలి, ఎందుకంటే తరువాత జరిగినది నాకు తెలియక జరిగింది కాదు.

ఏటా ఫిబ్రవరిలో, అడ్మిషన్లకు ముందు, మేము నోటుబుక్కుల ప్రదర్శన పెట్టేవాళ్లం. కింద హాల్లో బల్లలు వేసి, తెల్ల దుప్పట్లు పరిచి, తరగతులవారీగా పిల్లల నోటుబుక్కులు పెడతాం. తల్లిదండ్రులు వచ్చి తమ పిల్లలవి చూసుకుంటారు. పక్కవాళ్లవి కూడా చూస్తారు, అసలు అందుకే వస్తారు. కొత్తగా పిల్లల్ని చేర్పించాలనుకునేవాళ్లు కూడా వచ్చి చూసి వెళ్తారు. దస్తూరీ బాగున్న పుస్తకాలు ముందు వరుసలో పెట్టడం, కొట్టివేతలున్న పేజీలు చింపేయడం, కొత్త అట్టలు వేయించడం మామూలే. అన్ని బళ్లూ చేస్తాయి.

ఆ ఏడు ప్రదర్శనకు వారం ముందు, మా కమిటీలో ఉన్న ఒక మిల్లు యజమాని నా గదికి వచ్చారు. ఆయన మనవడు మూడో తరగతి. పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టి, మడత విప్పి, ఎడమ సగం మీద వేలు పెట్టారు. ఆయన కోపంగా లేరు. పదిమందీ చూసే చోట ఇది పెడితే ఏమనుకుంటారో మీరే ఆలోచించండి అన్నారు. “తెలుగు రాయించడానికైతే మనకి ఇన్ని అంతస్తులెందుకండి? ఆ పక్కన గవర్నమెంటు బడి ఉందిగా,” అన్నారు. ఆ పేజీలో ఎడమ వైపు, పనిమనిషి చెప్పింది అని ఒక మాట కింద రాసి ఉంది. ఆయన వేలు సరిగ్గా అక్కడే ఉంది.

నేను ఆ టీచరును పిలిచి, ప్రదర్శనకు కొత్త పుస్తకాల్లో ఇంగ్లీషు మాత్రం తిరగరాయించమన్నాను. వారంలో పిల్లలు ఏడాది పని తిరగరాయలేరంది. అది నిజమే. పోనీ మడతపెట్టి ఉంచుదామండి, ఇంగ్లీషు సగమే కనిపిస్తుంది అంది. నేను సరేనన్నాను. ఆవిడ వెళ్లిపోయింది.

హాల్లో ఎవరో ఒకరు ఆ మడత విప్పకుండా ఉండరన్న భయం నన్ను వదల్లేదు. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక మూడో తరగతి పుస్తకాలన్నీ నా గదికి తెప్పించుకున్నాను. పరీక్ష పేపర్లు కోసుకోవడానికి ఆఫీసులో ఒక పెద్ద కట్టరు ఉండేది. పేజీలు ముందే మడతపెట్టి ఉన్నాయి కాబట్టి గీత వెతుక్కోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఒక్కో పుస్తకం పిన్నులు ఊడదీసి, మడత మీద పెట్టి కోశాను. కుడి సగాలను మళ్లీ కుట్టించి, పైన బ్రౌన్ అట్ట వేయించి, లేబులు అంటించాను. ఎడమ సగాలు ఒక బియ్యం బస్తాలో పట్టాయి. పాత పేపర్లు కొనేవాడు సోమవారం పొద్దున్నే వచ్చాడు.

ఇన్‌స్పెక్షనుకు అధికారులు వస్తున్నారని, తెలుగు తీసేయమని పైనుంచి చెప్పారని నేను తరువాత చాలా చోట్ల చెప్పాను. అధికారులెవరూ రాలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. మిల్లు యజమాని కూడా కోయమనలేదు, ఆలోచించమన్నారు. కోసింది నేను.

సోమవారం ఆవిడ వచ్చి, సన్నగా అయిపోయిన ఆ పుస్తకాలను చూసింది. నాలుగైదు తిరగేసింది. “ఎడమ సగాలు ఎక్కడున్నాయండి?” అని అడిగింది. అమ్మేశానన్నాను. ఎవరికని అడిగింది. చెప్పాను. మధ్యాహ్నం భోజనం వేళ ఆవిడ బడిలో లేదు. ఆ కొట్టుకు వెళ్లిందని, అప్పటికే సరుకు లారీకి ఎక్కించేశారని తరువాత విన్నాను.

ప్రదర్శన బాగా జరిగింది. మూడో తరగతి బల్ల దగ్గర కొందరు ఆగి, అంతా ఇంగ్లీషేనే అని మెచ్చుకున్నారు. మరికొందరు పుస్తకాలు అటూ ఇటూ తిప్పి, తమ వైపు ఏదని అడిగారు. తమ మాటలు పిల్లలు పుస్తకంలో రాస్తున్నారని వాళ్లకు తెలుసు. అది చూసుకుందామని పని మానుకుని వచ్చారు. ఆ టీచరు అబద్ధం చెప్పలేదు. ఏమయ్యాయని అడిగిన ప్రతి ఒక్కరికీ, ప్రిన్సిపాల్ గారు కోయించేశారండి అని మామూలుగా చెప్పింది. సాయంత్రానికి ముగ్గురో నలుగురో నా గదికి వచ్చి అదేంటండి అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఆవిడను పిలిచి రాజీనామా ఇమ్మన్నాను. ఏం రాయాలో ఇంగ్లీషులో నేనే చెప్పాను. డ్యూ టు మై పర్సనల్ రీజన్స్ అన్నాను. ఆవిడ అంతవరకూ రాసి, పెన్ను ఆపింది.

“పర్సనల్ అంటే నావాండి, మీవాండి?”

నేను తరువాతి వాక్యం చెప్పాను. ఆవిడ మిగతాది రాసి, సంతకం పెట్టి, కాగితం నా వైపు తిప్పి పెట్టింది.

ఆ తరువాత రెండు బళ్లవాళ్లు ఆవిడ గురించి కనుక్కుందామని నాకు ఫోన్ చేశారు. మంచి మనిషేనండి, కాకపోతే ఇంగ్లీషును తెలుగులో చెబుతుంది అన్నాను. అందులో అబద్ధం లేదు. ఇంగ్లీషు మీడియం బళ్లకు ఆ ఒక్క మాట చాలు. ఈ ఫోన్ల సంగతి ఈమధ్య వరకు ఆవిడకు కూడా తెలియదు.

ఇక నాకు ఆ పద్ధతి ఎలా వచ్చిందో చెప్పాలి. ప్రదర్శన సమయానికి మూడో తరగతిలో ఒక అమ్మాయి టైఫాయిడ్‌తో ఇంట్లో ఉంది. రైస్ మిల్లులో పనిచేసే ఆయన కూతురే. తల్లి కొబ్బరి పీచు మిల్లులో పనికి వెళ్లేది. పుస్తకం ఇంట్లో ఉండిపోవడంతో నా కట్టరు కిందకు రాలేదు. అమ్మాయి తగ్గి బడికి వచ్చాక, చూసి ఇస్తానని ఆ పుస్తకం తీసుకున్నాను. రెండుసార్లు వచ్చి అడిగింది. రెండోసారి, ఎక్కడో పోయిందమ్మా అన్నాను. పుస్తకం నా బీరువాలో ఉంది.  పారేయబుద్ధి కాలేదు, అంతే.

తరువాతి ఏడు మూడో తరగతికి వచ్చిన టీచరు మాటలను స్పెల్లింగులతో బట్టీ పట్టించింది. పిల్లలు అప్పజెప్పేవారు, అర్థం అడిగితే కిటికీలోంచి బయటికి చూసేవారు. అప్పుడు బీరువా తీసి ఆ పుస్తకం చూసి, అందులో ఉన్న మాటలను ఒక చార్టు మీద వేయించాను. ఇంట్లో వాడేవి, మిల్లులో వాడేవి, పొలంలో వాడేవి అని విడగొట్టి, నీకు ముందే తెలిసిన మాటలు అని ఇంగ్లీషులో పైన పేరు పెట్టాను. చుట్టాలన్న మాట తీసేశాను. ఎవరు చెప్పారన్నది కూడా తీసేశాను. కొంత పనిచేసింది. పక్క బడివాళ్లు వచ్చి చూశారు. వేసవిలో టీచర్ల శిక్షణలో చెప్పమన్నారు. తరువాత ఏటా చెప్పమన్నారు.

సామర్లకోట సభలో ఒక కుర్ర టీచరు లేచి, ఈ ఆలోచన మీకు ఎలా వచ్చింది సార్ అని అడిగాడు. ఒకరోజు మిల్లు పక్కనుంచి వెళ్తుంటే లోపల ఒకాయన, బేరింగు పోయింది, బెల్టు తీసి గ్రీజు పెట్టండి అని కేకేశాడని, అక్షరం ముక్క రానివాడి నోట మూడు ఇంగ్లీషు మాటలు విని అక్కడే నిలబడిపోయానని చెప్పాను. హాలంతా చప్పట్లు కొట్టారు. ఆ మూడు మాటలూ ఆ అమ్మాయి పుస్తకంలో మొదటి పేజీలో, ఎడమ సగంలో, నాన్న, మిల్లులో అని రాసి ఉన్నవి. ఆ మిల్లు పక్కనుంచి నేను ఎప్పుడూ నడిచి వెళ్లలేదు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పానంటే, ఆ కేక ఎలా వినిపించిందో ఇప్పుడు నాకు నిజంగానే గుర్తున్నట్టు ఉంటుంది.

పోయిన ఏడు నేను బడి మానేశాను. ఈ వేసవిలో రాజమండ్రిలో బడి పుస్తకాలు వేసే ఒకాయన, ఆ చార్టులన్నీ కలిపి వర్కుబుక్కుగా వేస్తానన్నాడు. ఇచ్చాను. ప్రూఫులు వచ్చాయి. అట్ట వెనక నా ఫోటో ఉంది. ముందు ఒక పేజీ ఖాళీగా ఉంచి, మీకీ ఆలోచన ఎలా వచ్చిందో ఇక్కడ రాసి ఇవ్వండి అని పెన్సిలుతో రాసి పంపాడు.

నోటితో చెప్పినంత తేలిగ్గా ఆ మిల్లు కథ రాయలేకపోయాను. నాలుగు రోజులు కూర్చున్నాను. ఐదో రోజు ప్రూఫులూ, బీరువాలోని పుస్తకమూ సంచిలో పెట్టుకుని ద్రాక్షారామం బస్సెక్కాను.

ఆవిడ తమ్ముడికి అక్కడ మందుల షాపు ఉందని, ఆవిడ అందులోనే కూర్చుంటుందని తెలుసు. జుట్టు నెరిసింది, కళ్లజోడు వచ్చింది. నన్ను చూసి, “రండి సార్, ఒక్క నిమిషం,” అని, ఎదురుగా ఉన్న ఒక ముసలాయనకు మందులు కట్టి ఇవ్వడంలో మునిగిపోయింది. ఒక్కో మందుకూ ఒక చిన్న కాగితం ముక్క. దాన్ని నిలువుగా మడతపెట్టి, ఒక పక్క మందు పేరు ఇంగ్లీషులో, రెండో పక్క తెలుగులో. మోకాళ్లకి, పొద్దున, తిన్నాక. ఆయన చేత అది రెండుసార్లు చదివించి పంపింది. నేను ఆ మడత వైపు చూస్తున్నానని ఆవిడ గమనించింది.

స్టూలు చూపించింది, కూర్చున్నాను. చెప్పాలనుకున్నవి వరసగా చెప్పాను. చార్టులు, సభలు, శాలువా, మిల్లు కథ. రెండు బళ్ల ఫోన్ల సంగతి కూడా చెప్పాను. పుస్తకం మీద మీ పేరే వేయిస్తాను, నా ఫోటో తీయించేస్తాను, ముందు పేజీలో జరిగినదంతా రాస్తాను, క్షమించమని అడగడానికి వచ్చాను అన్నాను. ఆ ఫోన్ల మాట దగ్గర ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అప్పటిదాకా, తాను ఆ రెండు బళ్ల ఇంటర్వ్యూల్లో సరిగ్గా చెప్పలేదేమో అనుకుంటూ వచ్చిందట.

“క్షమించడానికేం లెండి, ఈ వయసులో మీ మీద కోపం పెట్టుకుని నేనేం చేసుకుంటాను,” అంది. “నాకు మాత్రం మళ్లీ పాఠం చెప్పే ఉద్యోగం రాలేదండి. అది అలాగే ఉంటుంది. మీరు క్షమించమన్నారని అది పోదు.”

నేను తలూపాను. ఆవిడ ప్రూఫులు ఇమ్మని చెయ్యి చాపింది. ఎవరో దగ్గుమందు అడిగితే మధ్యలో లేచి ఇచ్చి వచ్చి, మొదటి నుంచి చివరి దాకా తిరగేసింది. రెండు స్పెల్లింగు తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దింది కూడా. తరువాత మూసి నా చేతికి ఇచ్చింది.

“దీని మీద నా పేరు వద్దండి.”

ఎందుకన్నాను.

“మాటలన్నీ మీరే అచ్చేసి ఇచ్చేశారు కదండీ. ఇంక పిల్లలు ఎవర్ని అడుగుతారు? నేను చెప్పింది మాటల గురించి కాదండి. ఇంటికెళ్లి అడగడం గురించి. తనకు ఇంగ్లీషు రాదనుకునే అమ్మ దగ్గరికెళ్లి, నీకు వచ్చిన ఇంగ్లీషు మాట ఒకటి చెప్పమ్మా అని అడగాలి. అది మీ పుస్తకంలో ఎక్కడా లేదు. ఇది మీదే. మీ పేరే ఉంచుకోండి.”

పదేళ్లకు పైగా నేను దొంగతనం చేశానని అనుకుంటూ ఉన్నాను. నేను ఎత్తుకెళ్లినది అసలైనది కూడా కాదని ఆ స్టూలు మీద కూర్చుని తెలుసుకున్నాను.

మరి ఏం చేయమంటారని అడిగాను.  ఎడమ సగం ఖాళీగా వదిలి, మధ్యలో మడతకు ఒక చుక్కల గీత వేసి అచ్చు వేయిస్తే సరిపోతుందంది ఆవిడ. పేరు ఎవరిదైనా ఫర్వాలేదంది. ఎడమ సగం ఖాళీ అంటే కుడి సగం కూడా ఖాళీయే కదా, అందులో ఏ మాట వస్తుందో మనకు ముందే తెలియదు కదా అన్నాను. “ఆయ్, అంతేనండి,” అంది. మొదటిసారి కొంచెం నవ్వింది.

అప్పుడు ఆ పిల్ల పుస్తకం తీసి ఇచ్చాను. ఇదొక్కటే మిగిలింది, ఇది మీ దగ్గర ఉండాలి అన్నాను. ఆవిడ మడత విప్పి నాలుగు పేజీలు చదివింది. ఒక చోట ఆగి, తాను పెట్టించిన ఎర్ర చుక్కను వేలితో నిమిరింది. మళ్లీ మడతపెట్టేసింది.

“ఇది నాదెలా అవుతుందండి? ఆ పిల్లది. పోయిందని చెప్పారు కదా, దొరికిందని చెప్పి ఇచ్చేయండి.”

ఇంటికి వచ్చి రాజమండ్రికి ఫోన్ చేశాను. గీత వేసిన ఖాళీ కాగితాల పుస్తకం కొనడానికి నోటుబుక్కుల కొట్టు ఉంది కదండీ అన్నాడు ఆయన. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మరైతే వద్దన్నాను. అప్పటిదాకా పడ్డ శ్రమ గురించి కాసేపు మాట్లాడి పెట్టేశాడు. ఆ వర్కుబుక్కు రాదు. ఎందుకు రాలేదని టీచర్లు నన్ను అడుగుతున్నారు. జవాబు ఇదే. ఆవిడ తన పేరు వద్దంది కాబట్టి ఇక్కడ కూడా రాయడం లేదు. ఆవిడ పేరు లేని చోట మరెవరి పేరూ రాయబుద్ధి కాలేదు.

ఆ అమ్మాయి వాళ్ల ఇల్లు వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. తండ్రి మిల్లు మానేసి పొలాల మీద కాపలాకు వెళ్తున్నాడు. అమ్మాయి నర్సింగు చదివి కాకినాడలో ఆసుపత్రిలో చేస్తోంది. నేను వెళ్లేసరికి తల్లి ఒక్కతే ఉంది, గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి లేవబోయింది, వద్దన్నాను. కుర్చీ వేసింది. పుస్తకం ఇచ్చి, ఇది మీ అమ్మాయిది, పోయిందని నేను అబద్ధం చెప్పాను అన్నాను. ఆవిడ నా మాటను అంతగా పట్టించుకోలేదు. చేతులు తుడుచుకుని, పుస్తకం తీసుకుని, తిరగేసి చూసి నాకే తిరిగి ఇచ్చింది.

“నాకు చదువు రాదు కదండీ. ఏం రాసిందో చదవండి.”

కుర్చీ ముందుకు జరుపుకుని, మడతలు విప్పుతూ ఎడమ సగాలు చదివాను. బెల్టు, నాన్న, మిల్లులో. కుక్కరు, అమ్మ, విజిలు రాక విసుక్కుంటూ. తువ్వాలు, అమ్మ, స్నానానికి పిలుస్తూ. ఆవిడ చింతపండు పని మళ్లీ అందుకుని, ఒక్కో దానికీ ఊఁ కొడుతూ వింది. అన్నానండి, అవును అన్నాను అనేది మధ్య మధ్య. సగం పుస్తకం అయ్యాక సంబంధాలు కలిపిన మాటలు వచ్చాయి. పేషెన్స్, ఓపిక, అమ్మ చెప్పింది అని చదివాను.

ఆవిడ చెయ్యి ఆగింది.

“అది నేను చెప్పింది కాదండి. మా అత్తగారు చెప్పింది. పిల్ల పొరపాటున రాసుంటుంది. నాకు ఓపిక ఎక్కడిదండీ,” అని నవ్వింది. తరువాత పుస్తకం వైపు చూసి, “ఆవిడ బతికుంటే ఊరుకునేది కాదు. కొట్టేసి సరిగ్గా రాయండి,” అంది.

జేబులోంచి పెన్ను తీసి, అమ్మ అన్న మాట కొట్టేసి, దాని పక్కన నాన్నమ్మ అని రాశాను. సరిగ్గా రాశానో లేదో, చదివి వినిపించమంది. చదివాను.